కర్త లేని వాక్యం: చెరువు అర్జీలూ, మన సాహిత్యమూ

మన విమర్శకులు కవితను పరీక్షిస్తారు, కథను పరీక్షిస్తారు, నవలనూ నాటకాన్నీ పరీక్షిస్తారు. జనం రోజూ రాసే గద్యం ఒకటి ఉన్నది, దాన్ని మాత్రం ఎవరూ పరీక్షించరు. అది అర్జీ. తెలంగాణాలో ఏ జిల్లా కేంద్రానికైనా సోమవారం పూట పోయి చూడండి. ప్రజావాణి జరిగే చోట జనం కాగితాలు పట్టుకుని బారులు తీరి ఉంటారు. భూమి పట్టా కోసం వచ్చినవాళ్ళు కొందరు, పింఛను కోసం వచ్చినవాళ్ళు కొందరు. మోరీనీళ్ళు చేరి మురిగిపోయిన చెరువు గురించో, కంపుకొట్టే వాగు గురించో కాగితం తెచ్చినవాళ్ళు మరికొందరు. ఒక వీధివాళ్ళంతా కూడి, మాట మాటకూ తర్కించుకుని, చదువుకున్న కుర్రవాడి చేత రాయించి, అందరూ సంతకాలూ వేలిముద్రలూ పెట్టిన రచన అది. ఇంతకంటె సామూహికమైన రచన మన భాషలో మరొకటి ఉన్నదా? అటువంటిదాన్ని కన్నెత్తి చూడని విమర్శ తనను ప్రజాసాహిత్య విమర్శ అని చెప్పుకోవటం సబబు కాదు.

ఈ వ్యాసంలో బాన్సువాడను దృష్టిలో పెట్టుకోవటానికి కారణం ఉన్నది. అది మంజీర ఒడ్డుకు దగ్గరి పట్టణం. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ దిగువన ఉన్నది. 2016 దాకా నిజామాబాదు జిల్లాలో ఉండి, ఆ ఏడు ఏర్పడిన కామారెడ్డి జిల్లాలోకి వచ్చింది. పంచాయతీగా ఉన్న ఊరు మునిసిపాలిటీ అయింది. 2020 జనవరిలో మునిసిపల్ ఎన్నికలు జరిగాయి. ఇటువంటి పట్టణాలు ఇవాళ తెలుగు నేలమీద పదులకొద్దీ ఉన్నాయి. ఊరు పెరిగింది. ఇళ్ళ సంఖ్యా, ఇంటిపన్నూ పెరిగాయి. ప్రతి ఇంటికీ నల్లా వచ్చింది, ప్రతి ఇంట్లోనూ మరుగుదొడ్డి వచ్చింది. ఇవన్నీ మంచికే. కాని ఇంట్లోకి వచ్చిన నీళ్ళు ఇంట్లోనుంచి బయటికి పోవాలి గదా! ఎక్కడికి పోతాయి? పల్లం ఎటు ఉంటే అటు పోతాయి. దక్కన్ పీఠభూమిలో ఊరి పల్లం అంటే చెరువు, దాని కింద కుంట, దాని కింద వాగు, ఆ తరవాత నది. వెనకటివాళ్ళు ఆ పల్లాన్ని చూసే అక్కడ కట్ట వేశారు. వానచినుకు కోసం వాళ్ళు వెతికిన దారినే ఇవాళ మోరీ నడుస్తున్నది.

ఇప్పుడు అర్జీ భాషను చూద్దాం. ఏ ఊరి అర్జీ తీసుకున్నా దాదాపు ఒకే అచ్చులో ఉంటుంది. చెరువు కలుషితమైనది. నీరు దుర్వాసన వస్తున్నది. దోమలు పెరిగినవి. ప్రజలు రోగాల పాలగుచున్నారు. కావున తమరు దయతో తగు చర్యలు తీసుకోవలెనని ప్రార్థన. ఈ వాక్యాలలో క్రియలను పట్టి చూడండి: అయినది, వస్తున్నది, పెరిగినవి. ఒక్కటీ సకర్మకం కాదు. మురిగిపోవటం ఉన్నది గాని మురిగించటం లేదు. నిండిపోవటం ఉన్నది గాని నింపటం లేదు. చెరువు తనంతట తాను పాడయింది, ముసలితనం వచ్చినట్టు! ఇక కార్యాలయంనుంచి వచ్చే జవాబు చూడండి. విషయం పరిశీలించబడును, తగు చర్యలు తీసుకొనబడును. తెలుగులో కర్మణి ప్రయోగం సహజం కాదని మన ఉపాధ్యాయులు బడిలో పిల్లలకు చెబుతారు. అది నిజమే, కాని దఫ్తరులో మాత్రం అదే మాతృభాష. పాడుచేసినవాడు అర్జీలో కనిపించడు, బాగుచేయవలసినవాడు జవాబులో కనిపించడు. కర్త లేని రెండు వాక్యాల మధ్య చెరువు నిశ్చింతగా మురిగిపోతూ ఉంటుంది.

ఇది వ్యాకరణం గురించిన చాదస్తం కాదు. కర్తను చెప్పకపోవటం భయంవల్ల కావచ్చు, మర్యాదవల్ల కావచ్చు. మోరీ మళ్ళించిన మనిషి వార్డులోని పెద్దమనిషే కావచ్చు. చెరువు శిఖంలో మట్టి నింపి ప్లాట్లు చేసినవాడు ఎన్నికలలో ఓట్లు అడిగినవాడి వెనక నిలబడినవాడే కావచ్చు. అర్జీ రాసేవాడికి అది తెలుసు. తెలిసే, క్రియను అకర్మకం చేస్తాడు. బలహీనుడు తన్ను తాను కాపాడుకునే ఉపాయంగా దీన్ని మనం అర్థం చేసుకోవచ్చు. కాని అర్జీలో కర్త స్థానం ఎప్పుడూ ఖాళీగా ఉండదు. బలవంతుణ్ణి తొలగిస్తే అక్కడికి బలహీనుడు వచ్చి కూర్చుంటాడు. ‘ప్రజలలో అవగాహన లేక’ అనే మాట చూడండి. ‘గుడిసెలవాళ్ళు చెత్త వేయుటవలన’ అనే మాట చూడండి. ‘చాకలివాళ్ళు బట్టలు ఉతుకుటవలన’ అనే మాట చూడండి. ప్లాట్ల యజమానిని పేరు పెట్టి అనలేని వాక్యం కట్టమీది గుడిసెను ఇట్టే వేలెత్తి చూపుతుంది. చివరకు జరిగే చర్య కూడా ఆ వాక్యాన్నే అనుసరిస్తుంది. గుడిసె పోతుంది, మోరీ ఉంటుంది.

అర్జీకి ఈ అలవాటు ఎక్కడినుంచి వచ్చింది? కొంత దొరల కాలంనుంచి, నిజాం దఫ్తరునుంచి వచ్చింది. ‘ప్రజల మనిషి’ నవలలో వట్టికోట ఆళ్వారుస్వామి నిజామాబాదు ప్రాంతపు పల్లె బతుకును చిత్రించాడు. దొర ముందు గొంతెత్తటమే నేరమైన సమాజం అది. అటువంటి సమాజంలో విన్నపానికి చేతులు జోడించటం తప్ప వేరే భంగిమ ఉండదు. అది పోయి డెబ్భై ఏళ్ళు దాటింది. భంగిమ మాత్రం కాగితంమీద మిగిలింది. కాని తప్పంతా దఫ్తరుమీద వేసి మనం తప్పించుకోలేము. నీటిని గురించి మన సాహిత్యం జనానికి నేర్పిన మాటలు కూడా ఇటువంటివే. నదిని తల్లి అన్నారు, దేవత అన్నారు. ఆ నది పాడయిందనగానే కన్నీరు పెట్టుకున్నారు. నది ఏడుస్తున్నదనీ, చెరువు చచ్చిపోయిందనీ, పల్లె మాయమయిందనీ రాసిన కవితలు ఈ ముప్ఫై నలభై ఏళ్ళలో లెక్కకు మించి వచ్చాయి. వాటిలో నిజమైన దుఃఖం లేదని అనను. కాని ఏడవటమూ, చావటమూ, మాయమవటమూ అకర్మక క్రియలే! కవి దుఃఖమూ అర్జీదారు వినయమూ వ్యాకరణం దగ్గర కలుసుకుంటున్నాయి. హంతకుడు లేకుండా హత్య జరిగినట్టు చెప్పే విలాపం ఎంత ఆర్ద్రంగా ఉన్నా అభ్యుదయ సాహిత్యం కాజాలదు.

ఇంకొక చిక్కు ఉన్నది. పూర్వం అందరూ స్వచ్ఛమైన నీళ్ళు తాగారనీ, ఆధునిక కాలం వచ్చి పాడుచేసిందనీ మన కవులలో చాలామంది నమ్ముతారు. ఎవరు తాగారు? 1927 మార్చి 20న మహాడ్‌లో అంబేడ్కరు చౌదారు చెరువు నీళ్ళు తాగిన సంగతి అందరికీ తెలుసు. అప్పటికి మూడేళ్ళ కిందటే, 1924లోనే, ఆ చెరువు అందరికీ చెందుతుందని మహాడ్ మునిసిపాలిటీ తీర్మానించింది. తీర్మానం కాగితంమీద ఉన్నది, చెరువు దగ్గర లేదు. దళితులు తాగిన తరవాత సవర్ణులు పంచగవ్యంతో చెరువును ‘శుద్ధి’ చేశారు. ఆ ఏడాది ఆగస్టులో మునిసిపాలిటీ తన తీర్మానాన్ని తానే రద్దు చేసుకున్నది. 1937లో గాని బొంబాయి హైకోర్టులో తగాదా తెగలేదు. పశువులు తాగితే మైలపడని చెరువు మనిషి తాగితే మైలపడింది. పేడ కలిపితే శుద్ధి అయింది! కాలుష్యం అనే మాటకు మన దేశంలో ఎంత పాత చరిత్ర ఉన్నదో, అందులో ఎంత అబద్ధం ఉన్నదో తెలుసుకోకుండా స్వచ్ఛతను కీర్తించటం ప్రమాదం.

ఈ విషయాన్ని తెలుగు కథలో సూటిగా పట్టుకున్నవాడు కొలకలూరి ఇనాక్. ఆయన ‘ఊరబావి’ కథలో దళితులకు ఊరి బావి నిషిద్ధం. తమకు జరిగిన అవమానానికి జవాబుగా వాళ్ళు పశువు కళేబరాన్ని ఆ బావిలో పడేస్తారు. కాలుష్యం కథావస్తువైన రచనలలో దీనికున్న ప్రత్యేకత ఏమిటి? ఇక్కడ నీళ్ళు వాటంతట అవి పాడుకాలేదు. పాడుచేసిన చెయ్యి స్పష్టంగా కనిపిస్తుంది, ఆ చేతిని అక్కడికి నెట్టిన చెయ్యి అంతకంటె స్పష్టంగా కనిపిస్తుంది. ఇద్దరు కర్తలున్న వాక్యం అది. ఎవరు ఎవరిమీద కోపగించాలో పాఠకుడే తేల్చుకోవాలి. మనం అర్జీకి నేర్పవలసిన వ్యాకరణం ఇటువంటి కథలో ఉన్నది గాని, నది కన్నీటి కవితలో లేదు.

కర్తను వెతకటం మొదలుపెడితే ఎంత దూరం పోవాలో మంజీరే చెబుతుంది. బీడ్ జిల్లా కొండలలో పుట్టి, లాతూరు, బీదరు దాటి, తెలంగాణాలో ప్రవేశించి, సంగారెడ్డి దగ్గర ఉత్తరానికి మళ్ళి, ఏడుపాయల మీదుగా నిజాంసాగర్‌లోకి వస్తుంది. అక్కడినుంచి బాన్సువాడ ప్రాంతం దాటి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఈ దారిలో సంగారెడ్డి దాటిన తరవాత నక్కవాగు దీనిలో కలుస్తుంది. నక్కవాగు పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడలనుంచి వచ్చేది. 1970లలో, 80లలో అక్కడ వెలసిన మందుల ఫ్యాక్టరీలు, రసాయనాల ఫ్యాక్టరీలు తమ వ్యర్థజలాన్ని చెరువులలోకీ వాగుల్లోకీ వదిలాయి. పోచారం, ఇస్మాయిల్‌ఖాన్‌పేట వంటి ఊళ్ళలో పొలాలు పోయాయి, బావులు పోయాయి. అక్కడి జనం కూడా మొదట అర్జీలే పెట్టుకున్నారు. పటాన్‌చెరులో వైద్యం చేసే డాక్టరు అల్లాణి కిషన్‌రావు వాళ్ళతో కలిసి నిలబడ్డాడు. 1990లో సుప్రీంకోర్టుకు చేరిన వ్యాజ్యం తరవాత హైకోర్టుకూ, ఆ తరవాత జాతీయ హరిత ట్రిబ్యునల్‌కూ మారి ఒక తరం పాటు నడిచింది.

ఆ పోరాటంనుంచి అర్జీ రాసేవాళ్ళు నేర్చుకోవలసిన పాఠాలు రెండు ఉన్నాయి. మొదటిది, సాక్ష్యం. వ్యర్థజలాన్ని శుద్ధి చెయ్యటానికని ఫ్యాక్టరీలన్నిటికీ కలిపి పటాన్‌చెరులో ఒక ఉమ్మడి కేంద్రం పెట్టారు. దాదాపు 90 మందుల కంపెనీల నీళ్ళు అక్కడికి చేరేవి. స్వీడన్ శాస్త్రజ్ఞులు 2007లో ప్రచురించిన పరిశోధనలో, ఆ కేంద్రం ‘శుద్ధి’ చేసి వదిలిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నదని తేలింది. రోగి రక్తంలో ఉండే మోతాదుకంటె అది ఎక్కువ. ఆ ఒక్క మందే రోజుకు సుమారు 45 కిలోలు వాగులో కలుస్తున్నదని లెక్క కట్టారు. స్వీడన్ దేశమంతా ఐదు రోజులలో వాడే మందు అంత ఉంటుంది. ఇటువంటి నీటిలో బతకనేర్చిన సూక్ష్మక్రిములు రేపు మనిషికి సోకితే ఆ మందు పనిచెయ్యదు. ‘దుర్వాసన వస్తున్నది’ అనే వాక్యానికీ, ఈ లెక్కకూ ఎంత తేడా ఉన్నదో చూడండి. మొదటిదానికి కార్యాలయం బ్లీచింగు పొడి చల్లి జవాబు చెప్పగలదు. రెండోదానికి చెప్పలేదు.

రెండో పాఠం ఇంకా చేదు. నక్కవాగును కాపాడటానికని అధికారులు ఎంచుకున్న మార్గం ఏమిటి? ఆ ఉమ్మడి కేంద్రం నీళ్ళను 18 కిలోమీటర్ల గొట్టపుమార్గంలో హైదరాబాదు అంబర్‌పేటకు, అంటే మూసీ ఒడ్డుకు, తరలించారు. మంజీర జనం పెట్టుకున్న అర్జీకి మూసీ జనం మూల్యం చెల్లించాలన్నమాట! మూసీ దిగువన నల్లగొండ రైతు ఉన్నాడు, ఆ నీటితో గడ్డి పెంచి పాలు అమ్ముకునేవాళ్ళు ఉన్నారు. ‘మా ఊరి చెరువు’ దగ్గర ఆగిపోయే అర్జీ గెలిచినా ఫలితం ఇటువంటిదే కాగలదు. పై వీధి మోరీని కింది వీధికి మళ్ళించినట్టు ఒక నది విషం ఇంకొక నదికి మళ్ళుతుంది. 2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రకటించిన జాబితాలో, దేశం మొత్తంమీద కలుషితమైన నదీ ఖండాలు 351. తెలంగాణాలోని 8 నదులలో మూసీ ఉన్నది, నక్కవాగు ఉన్నది, మంజీర కూడా ఉన్నది. గొట్టం వెయ్యటంవల్ల జాబితాలోనుంచి ఎవరూ తప్పుకోలేదు.

ఫ్యాక్టరీ కర్త అయినచోట చెప్పటం సులభం అంటారు కొందరు. బాన్సువాడవంటి పట్టణంలో కర్త ఎవరు? ఇక్కడే మన వామపక్ష మిత్రులు కూడా తడబడుతున్నారు. పెట్టుబడిదారు కనిపించని చోట వాళ్ళకు వర్గ విశ్లేషణ కూడా కనిపించదు. చిన్న పట్టణాలలో చెరువులోకి మురుగును తెచ్చే మోరీని నిర్మించేది మునిసిపాలిటీయే. 2021లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన లెక్క ప్రకారం దేశంలోని పట్టణాలలో రోజుకు 7,236 కోట్ల లీటర్ల మురుగు పుడుతున్నది. అందులో నిజంగా శుద్ధి అయ్యేది 2,023 కోట్ల లీటర్లు, అంటే నూటికి 28 పాళ్ళు. మిగిలినది వాగులలోకీ చెరువులలోకీ పోతున్నది. మురుగులోని నత్రజనీ భాస్వరమూ తిని గుర్రపు డెక్క పెరుగుతుంది. అది నీటిని కప్పేస్తుంది. కుళ్ళే పదార్థం నీటిలోని ప్రాణవాయువును తినేస్తుంది. ఒకనాటి తెల్లవారుజామున చేపలు తేలుతాయి. చేపలు తేలినరోజు ముదిరాజుల, గంగపుత్రుల సంఘంవాళ్ళు నష్టపోతారు, వాళ్ళ అర్జీ విడిగా పోతుంది. దోమలు కుట్టినరోజు కట్ట పక్క వీధివాళ్ళ అర్జీ విడిగా పోతుంది. బతుకమ్మ వేళ మెట్లు శుభ్రంగా లేవని ఆడవాళ్ళ అర్జీ విడిగా పోతుంది. మూడు అర్జీలకూ కారణం ఒకే మోరీ అని చెప్పేవాడు ఉండడు.

ఇంతలో చెరువుకు ప్రభుత్వ ధనం రాలేదా అంటే, వచ్చింది. 2015 మార్చిలో మిషన్ కాకతీయ ప్రారంభమయింది ఈ జిల్లాలోని సదాశివనగర్‌లోనే. రాష్ట్రంలో 46,531 చెరువులను బాగుచేస్తామన్నారు. పూడిక తీశారు, కట్టలు బలపరిచారు. దానివల్ల సాగుకు మేలు జరిగిన చోట్లు ఉన్నాయి, కాదనకూడదు. పట్టణాల చెరువులకు మినీ ట్యాంకుబండ్లనే పేరు పెట్టి కట్టమీద దీపాలూ, బెంచీలూ, నడకదారులూ వేశారు. కాని చెరువుకు కట్ట ఒక్కటే అంగం కాదు. నీళ్ళు తెచ్చే కాలువ ఉన్నది, శిఖం ఉన్నది, తూము ఉన్నది, మత్తడి ఉన్నది. కట్ట కనిపిస్తుంది, ఫొటోకు అందుతుంది. చెరువులోకి ఏమి వస్తున్నదో కాలువ నోటి దగ్గర నిలబడితేనే తెలుస్తుంది. రూపానికి పట్టం కట్టి వస్తువును గాలికి వదిలిన సాహిత్యాన్ని రూపవాదమని మనం విమర్శిస్తూ వచ్చాము. మురుగు ఆపకుండా కట్టమీద దీపాలు పెట్టటం పురపాలనలో రూపవాదం. దాన్ని అలాగే విమర్శించాలి.

డబ్బు లేదన్నది మునిసిపాలిటీలు ఎప్పుడూ చెప్పే జవాబు. ఈ జవాబుకు కూడా చరిత్ర ఉన్నది. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణంలో ఒక వార్డువాళ్ళు తమ వీధిలోని బహిరంగ మురుగుమీదా, సారాయి ఫ్యాక్టరీ వదిలే నీళ్ళమీదా మేజిస్ట్రేటు దగ్గరికి పోయారు. అప్పటి క్రిమినల్ ప్రొసీజరు కోడ్ 133వ సెక్షను కింద, మోరీలు కట్టమని మేజిస్ట్రేటు మునిసిపాలిటీని ఆజ్ఞాపించాడు. డబ్బు లేదంటూ మునిసిపాలిటీ సుప్రీంకోర్టు దాకా పోయింది. 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన తీర్పు ఆ సాకును తోసివేసింది. 1957 కేరళ కమ్యూనిస్టు ప్రభుత్వంలో ఆయన మంత్రి. చట్టం విధించిన కర్తవ్యానికి డబ్బులేమి మినహాయింపు కాదని తేల్చి చెప్పాడు. మరుగుదొడ్లు లేక వీధిని వాడిన బీదవాళ్ళను ఆ తీర్పు శిక్షించలేదు. వాళ్ళకు మరుగుదొడ్లు కట్టమన్నది, ఫ్యాక్టరీ నీళ్ళు ఆపమన్నది. ఎవరు, ఏమి, ఎప్పటిలోగా చెయ్యాలో దానిలో ఉన్నది. 2024 జూలై 1నుంచి అమలులోకి వచ్చిన కొత్త శిక్షాస్మృతి విధానంలో ఆ సెక్షను 152గా కొనసాగుతున్నది. ప్రార్థించటానికి బదులు ఆ సెక్షను కింద అడగవచ్చునని ఎంతమంది అర్జీదారులకు తెలుసు? వాళ్ళకు చెప్పవలసిన చదువుకున్నవాళ్ళు ఏమి చేస్తున్నారు?

చదువుకున్నవాళ్ళ సంగతి వచ్చింది గనక ఇబ్సెన్ 1882లో రాసిన ‘ప్రజాశత్రువు’ నాటకాన్ని తలుచుకోకుండా ముందుకు పోలేము. ఒక చిన్న పట్టణంలోని స్నానశాలల నీళ్ళు తోళ్ళ కార్ఖానాల మురుగుతో విషమయ్యాయని డాక్టరు స్టాక్‌మన్ కనిపెడతాడు. మేయరు అతని సొంత అన్న. కార్ఖానాలలో ఒకటి అతని మామది. మొదట పత్రికవాళ్ళూ, ఇంటి యజమానుల సంఘం అధ్యక్షుడూ అతని పక్షాన నిలుస్తారు. గొట్టాలు మార్చటానికి పట్టణంమీద పన్ను పడుతుందనీ, స్నానశాలలు రెండేళ్ళు మూతపడతాయనీ మేయరు చెప్పగానే అందరూ ఎదురు తిరుగుతారు. మధ్యతరగతి ఇంటి యజమాని మనస్తత్వాన్ని ఇంత నిష్కర్షగా చూపిన నాటకం మరొకటి లేదు. చెరువు బాగుపడాలి, కాని నా పన్ను పెరగకూడదు. మురుగు పోవాలి, కాని శుద్ధి కేంద్రం నా వీధిలో పెట్టకూడదు. ఇవాళ మన పట్టణాలలో వినిపించే మాటలు ఇవే గదా!

అయితే ఇబ్సెన్ చేరిన నిర్ణయాన్ని మనం అంగీకరించలేము. అతని డాక్టరు చివరకు జనాన్నే మూఢులని తిట్టి, ఒంటరితనంలోనే బలం ఉన్నదని నమ్ముతాడు. సత్యజిత్ రాయ్ 1989లో ఈ కథను ‘గణశత్రు’ పేరుతో సినిమా తీసినప్పుడు రెండు మార్పులు చేశాడు. స్నానశాలను గుడి చేశాడు, నీళ్ళను తీర్థం చేశాడు. కాలుష్యాన్ని ఎత్తిచూపినవాణ్ణి మతద్రోహి అనటం మన దేశంలో ఎంత సులభమో దీనితో స్పష్టమయింది. రెండో మార్పు ముగింపులో ఉన్నది. డాక్టరు ఒంటరి కాదనీ, యువకులు అతనికోసం ఊరేగింపుగా వస్తున్నారనీ తెలుస్తుంది. ఆ ముగింపు కృత్రిమంగా ఉన్నదని కళావాదులు అన్నారు. శిల్పం మాట వాళ్ళు చెప్పినట్టే అయినా, జీవితం రాయ్ పక్షానే సాక్ష్యం చెబుతున్నది. పటాన్‌చెరులో కూడా డాక్టరు ఉన్నాడు. కాని పొలాలు పోగొట్టుకున్న ఊళ్ళు వెనక లేకపోతే ఆ డాక్టరు మాట ఢిల్లీ దాకా చేరేది కాదు.

జనం అర్జీ రూపాన్నే మార్చివేసిన సందర్భం కూడా తెలుగు నేలమీదనే ఉన్నది. నల్లగొండలో ఫ్లోరైడు నీళ్ళు తాగి ఎముకలు వంగినవాళ్ళ తరఫున జలసాధన సమితి ఏళ్ళ తరబడి మొరపెట్టింది. 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకం అయింది. పోలింగు వాయిదా పడింది. అంతవరకూ నల్లగొండ పేరు వినని పత్రికలు కూడా ఆ నీళ్ళ గురించి రాశాయి. ఫ్లోరైడు భూమిలోనే ఉన్నది గనక ఇక్కడ కర్త ప్రకృతి అని వాదించవచ్చు. కృష్ణ నీళ్ళు పక్కనే పోతూ ఉండగా వాటిని ఆ ఊళ్ళకు అందించకపోవటం ప్రకృతి పని కాదు. ఆ ఏడాది ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి, లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్టును 500 రూపాయలనుంచి 10,000కు పెంచారు. గుర్తింపు లేని అభ్యర్థిని 10 మంది ప్రతిపాదించాలన్నారు. నామినేషన్ల రూపంలో అర్జీ పెట్టే వెసులుబాటు దానితో ఖరీదయిపోయింది. జనం కనిపెట్టిన ప్రతి కొత్త రూపాన్నీ పాలకవర్గం చదువుతుంది, దానికి జవాబు సిద్ధం చేస్తుంది. చదవనివాళ్ళం మనమే.

ఇక్కడ ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పాలి. వ్యవస్థ మారితే తప్ప నదులు బాగుపడవనీ, మోరీల గురించి అర్జీలు పెట్టటం సంస్కరణవాదమనీ కొందరు మిత్రులు అంటారు. వ్యవస్థ మారాలన్నది నిజం. కాని వ్యవస్థ మారినచోట నీళ్ళు వాటంతట అవే బాగుపడ్డాయా? పత్తి పంటకోసం 1960లనుంచి అమూదర్యా, సిర్‌దర్యా నదులను మళ్ళించి అరల్ సముద్రాన్ని ఎండబెట్టినది సోవియట్ ప్రణాళికే. ఉత్పత్తి పెరగటమే ప్రగతి అని మన అభ్యుదయ సాహిత్యం కూడా చాలాకాలం నమ్మింది. పొగగొట్టాన్ని కీర్తించింది గాని మురుగుగొట్టాన్ని చూడలేదు. ఫ్యాక్టరీ మూస్తే కార్మికుడు ఏమవుతాడన్న ప్రశ్నను తప్పించుకోకూడదు. కాని వ్యర్థజలాన్ని శుద్ధి చెయ్యకుండా మిగుల్చుకున్న డబ్బు కార్మికుడి కూలిలో కలవలేదు, యజమాని లాభంలో కలిసింది. కార్మికుడూ, వాగు పక్క రైతూ, చెరువులో వల వేసే మనిషీ ఒకే దొంగతనానికి గురయినవాళ్ళు. వాళ్ళను విడదీసే వాక్యాలు రాయటం ఎంత సులభమో చూశాము. కలిపే వాక్యాలు రాయటమే ఇప్పటి పని.

అందువల్ల ఉపాధ్యాయ మిత్రులనూ విద్యార్థి మిత్రులనూ కోరేది ఒక్కటే. చెరువుమీద కవిత రాసే ముందు ఒకసారి మోరీ వెంట నడవండి. అది ఏ వీధిలో మొదలయింది, ఎవరు కట్టించారు, ఏ సంవత్సరం ఏ పద్దు కింద కట్టించారు, ఏ ఆసుపత్రి, ఏ హోటలు, ఏ మిల్లు దానిలో కలిశాయి, శిఖం సరిహద్దు రాళ్ళు ఎక్కడికి జరిగాయి చూడండి. పారిశుద్ధ్యమూ మురుగూ మునిసిపాలిటీల బాధ్యత అని 1992 రాజ్యాంగ సవరణ పన్నెండో షెడ్యూలులో ఉన్నది. నీటి కాలుష్య నివారణ చట్టం 1974నుంచి ఉన్నది. వాటిని పట్టుకుని అర్జీ రాయండి. చేపల సంఘాన్నీ, చాకలివాళ్ళనూ, కట్టమీది గుడిసెలవాళ్ళనూ, మోరీలో దిగి పనిచేసే సఫాయి కార్మికుణ్ణీ పిలిచి, వాళ్ళ ముందు దాన్ని చదవండి. వాళ్ళు ఒప్పుకోని వాక్యాన్ని కొట్టివేయండి. ‘చెరువు కలుషితమైనది’ అని మొదలుపెట్టకండి. ఫలానా మోరీని ఫలానా సంవత్సరంలో ఫలానా కార్యాలయం చెరువులోకి వదిలింది, ఫలానా తేదీలోగా దాన్ని ఆపాలి అని మొదలుపెట్టండి. అటువంటి అర్జీలు ఊరూరా పుట్టిననాడు, నీటిని గురించి మన కథా కవితా ఏ భాషలో రాయాలో వాటినుంచి నేర్చుకుంటాయి. విమర్శకుడికి కూడా అప్పుడు పరీక్షించటానికి తగిన గద్యం దొరుకుతుంది.